గోతులు పూడ్చే హెడ్లీ స్క్రూటన్

హెడ్లీ స్క్రూటన్ గొయ్యి కనబడితే పూడ్చకుండా ఉండలేడు. అది తను తవ్విందా, పరాయివాళ్ళు తవ్విందా, కుక్క తవ్విందా అన్న పట్టింపే లేదు. కొందరికి గోడమీద పటం వంకరగా కనబడితే చెయ్యి ఊరుకోదు. హెడ్లీకి గొయ్యి కనబడితే పార ఊరుకోదు.

స్కార్‌హోమ్ బీచ్‌లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళందరిలోకీ పెద్దవాడు హెడ్లీ. పొడుగ్గా, సన్నగా, సముద్రపు గాలికి కొంచెం వంగిన దీపస్తంభంలా ఉంటాడు. తలకి హెడ్‌ఫోన్లు, చేతిలో ఇసక జారిపోయే చిల్లుల పార, నడుముకి రెండు సంచులు. ఒకటి దొరికిన విలువైన వస్తువులకి, రెండోది చెత్తకి. చెత్త సంచి ఎప్పుడూ నిండుగా ఉండేది. విలువైన వస్తువుల సంచిలో శాండ్‌విచ్ పెట్టుకునేవాడు.

ఒకసారి మేనల్లుడు సరదాపడి ఆయన్ని గోల్ఫ్ ఆటకి తీసుకెళ్ళాడు. హెడ్లీ ముందు నడిచాడు. మేనల్లుడు బంతి కొట్టి, ఆయాసపడుతూ జెండా దగ్గరికి వెళ్ళి చూస్తే జెండా ఉంది, గొయ్యి లేదు.

"మామయ్యా, ఇక్కడ చిన్న గొయ్యి ఒకటి ఉండాలే."

"ఉండేదిరా. ఎవరో జెండా పాతడానికి తవ్వి, సగం పూడ్చి పోయారు. మట్టి వేసి బిగించాను. ఊపి చూడు, ఎంత గట్టిగా నిలబడిందో."

ఇసక కోటల పోటీ సంగతి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లలు పొద్దున్నంతా కష్టపడి కట్టి భోజనాలకి వెళ్ళారు. మేయరమ్మ బహుమతులివ్వడానికి వచ్చేసరికి కోటలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి గానీ, చుట్టూ ఒక్క కందకం లేదు. ఒక పిల్లాడి తండ్రి కోపంగా వచ్చాడు.

"కందకం లేకుండా కోటేమిటండీ? శత్రువులు వస్తే?"

"రానివ్వండి. కనీసం కాలు విరగ్గొట్టుకోకుండా వస్తారు," అన్నాడు హెడ్లీ.

మరుసటి ఏడాది నుంచి పోటీ రోజున ఆయనకి టీ గుడారంలో కప్పులు తుడిచే పని అప్పగించారు. వీపు సముద్రం వైపు ఉండేలా కూర్చోబెట్టేవారు.

బెరిల్‌కి ఆయన పరిచయమైంది కూడా ఒక గొయ్యి వల్లే. బెరిల్ పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు ఇచ్చే ఉద్యోగంలో రిటైరయింది. ఇంట్లో కూర్చుంటే తోచక ఒక డిటెక్టర్ కొనుక్కుంది. మొదటిరోజు యంత్రం కూయగానే ఆత్రంగా మోకాలిలోతు తవ్వింది. సీసా మూత దొరికింది. దాన్ని అక్కడే విసిరేసి ముందుకి నడిచింది.

"ఏమండీ, తలుపు తీసి పెట్టి వెళ్ళిపోతున్నారు," అని వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూస్తే హెడ్లీ. ఒక చేత్తో సీసా మూత తీసి తన చెత్త సంచిలో వేసుకుంటూ, రెండో చేత్తో గొయ్యి పూడుస్తున్నాడు. పూడ్చి, బూటుతో నొక్కి, పిల్లాడి తల నిమిరినట్టు పైన ఇసక నిమిరాడు. ఆ నిమరడం చూసి బెరిల్‌కి నవ్వొచ్చింది. ఆ పూటనుంచి ఆయన శిష్యురాలైంది.

ఆయన దగ్గర నేర్చుకోవలసింది యంత్రం సంగతి కన్నా మర్యాద సంగతే ఎక్కువ. "తువ్వాలు పరుచుకుని పడుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదండీ. ఆ కాసేపూ అది వాళ్ళ ఇల్లు. తువ్వాలు అంచు గోడ. గోడ దూకుతామా?" అనేవాడు. "హెడ్‌ఫోన్లు తీయకండి. మనకి దొరికింది సార్డిన్ చేపల డబ్బా అని బీచంతటికీ చాటక్కర్లేదు." పక్కవాడు తవ్వుతుంటే తొంగిచూడకూడదు. ఉంగరం దొరికితే ఎలా ఉందో ఎవరికీ చెప్పకూడదు. పోగొట్టుకున్నవాళ్ళే గుర్తులు చెప్పాలి. ఏం దొరికినా, దొరక్కపోయినా, గొయ్యి మాత్రం పూడ్చాలి. బెరిల్ పూడుస్తుంది. కాకపోతే ఒక్కోసారి ఆవిడ ఇంకా తవ్వుతుండగానే ఆయన అటువైపు నుంచి పూడ్చుకుంటూ వచ్చేవాడు.

"హెడ్లీ గారూ, నా చెయ్యి లోపలుంది."

"అయ్యో, చూసుకోలేదండీ."

బీచ్‌లో అందరికీ ఆయనంటే ఇష్టమే, ఐడా గార్‌ఫోర్త్‌కి తప్ప. ఐడా గాడిదల మనిషి. వాళ్ళ తాతల కాలంనుంచీ సెలవుల్లో పిల్లల్ని గాడిదలమీద ఎక్కించి బీచ్‌లో తిప్పడమే వాళ్ళింటి వృత్తి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. హెడ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా సరే, ఆయన యంత్రం కూస్తే తన గాడిదలు బెదురుతాయని ఆవిడ ఫిర్యాదు.

"ఏవయ్యా హెడ్లీ, ఆ కుయ్యికుయ్యిమనే చీపురు తీసుకుని అవతలికి పో. నా గాడిదలకి పాలు విరిగిపోతాయి."

అవి పాలిచ్చే గాడిదలు కావని బీచ్‌లో అందరికీ తెలుసు. హెడ్లీ మాత్రం టోపీ కొంచెం ఎత్తి, "అలాగేనండీ," అని పక్కకి వెళ్ళిపోయేవాడు. ఎంత తిట్టినా అంతే. బెరిల్‌కి ఒళ్ళు మండేది.

"మీరేమీ అనరేం?"

"ఆవిడ గొంతు మంచిదండీ. పొగమంచులో కూడా వినిపిస్తుంది."

ఈస్టర్‌కి ముందు తుపాను వచ్చింది. రెండు రాత్రులు ఊళ్ళో ఎవరికీ నిద్రలేదు. తెల్లారి చూస్తే అలలు నీటి అంచున ఇసకనంతా గీకి పట్టుకుపోయాయి. అడుగున ఎప్పుడో తప్ప కనబడని నల్లటి బంకమట్టి బయటపడింది. పూర్వం ఓడలవాళ్ళు, స్నానాలకి వచ్చినవాళ్ళు పారేసుకున్నవన్నీ ఆ మట్టిలోనే ఉంటాయి. చలికాలమంతా హెడ్లీ బెరిల్‌కి చెప్పింది ఈ రోజు గురించే. "అలాంటి తుపాను మళ్ళీ ఒక్కసారి చూస్తే చాలండీ," అనేవాడు, చిన్నపిల్లాడిలా కళ్ళు పెద్దవి చేసుకుని.

సంగతి చుట్టుపక్కల ఊళ్ళకి పాకింది. మధ్యాహ్నానికి రోడ్డు పొడుగునా కార్లు. కొత్తవాళ్ళు యంత్రాలతో దిగి ఎక్కడ పడితే అక్కడ తవ్వారు. నీటి అంచున బంకమట్టిలో చోటు చాలక పైన మిగిలిన పొడి ఇసకలోకి వచ్చి తవ్వారు. పూడ్చినవాడు ఒక్కడు లేడు.

బెరిల్‌కి ఒక వెండి నాణెం దొరికింది. దానిమీద రాజుగారి ముక్కు ఇంకా అరగలేదు. సంతోషం పట్టలేక హెడ్లీకి చూపిద్దామని లేచి చూసింది. ఆయన సముద్రానికి వీపు పెట్టి, పైన పొడి ఇసకలో, ఎవరో తవ్విన గొయ్యి పూడుస్తున్నాడు. ఆయన యంత్రం గట్టు గోడకి ఆనించి ఉంది. మీట కూడా నొక్కలేదు.

"హెడ్లీ గారూ, పోటు వచ్చేస్తుంది. రండి."

"మీరు కానివ్వండి. ఇదొక్కటీ పూడ్చి వచ్చేస్తాను."

ఆ మాట సాయంత్రం దాకా అంటూనే ఉన్నాడు. పరాయి ఊరి కుర్రాళ్ళకి అది వేళాకోళమైంది. "తాతా, ఇదిగో ఇక్కడ ఇంకోటుంది," అని పిలిచారు. "థాంక్స్ బాబూ, చూడలేదు," అని నిజంగానే అటు వెళ్ళాడు. వాళ్ళ నవ్వు కాస్తా ఆగిపోయింది.

పోటు వచ్చింది. బంకమట్టి మునిగిపోయింది. బెరిల్ కోపం పట్టలేకపోయింది.

"ఏళ్ళతరబడి ఎదురుచూసింది దీనికోసమేనా? మీకు పిచ్చి గానీ పట్టిందా?"

హెడ్లీ నడుం పట్టుకుని నెమ్మదిగా నిటారయ్యాడు. "రేపటినుంచి పిల్లలకి సెలవులు కదండీ," అన్నాడు. మళ్ళీ పార అందుకున్నాడు.

బెరిల్ విసురుగా వెళ్ళిపోయింది. కానీ ఇంటికి వెళ్ళాక మనసు ఊరుకోలేదు. పెద్దాయన్ని పిచ్చివాడన్నాను కదా అని, పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని బీచ్‌కి వచ్చింది.

హెడ్లీ అప్పటికే అక్కడున్నాడు. గాడిదలు దిగే వాలు దగ్గర మొదలుపెట్టి, గట్టు వెంబడి ఇసకలో నడుస్తున్నాడు. ఒక్కో అడుగూ జార్చి, నొక్కి, ఆగి, మళ్ళీ వేస్తున్నాడు. దగ్గరికొచ్చాక చూస్తే కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"హెడ్లీ గారూ?"

ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. దొంగతనంగా జామ్ తింటూ దొరికినవాడిలా నిలబడ్డాడు. టీ తాగేదాకా బెరిల్ వదల్లేదు, చెప్పేదాకా కూడా వదల్లేదు.

"డచెస్ ఉంది కదండీ, ఐడా గారి ముసలి గాడిద. దానికి చూపు పోయింది. పిల్లల్ని మొయ్యడం మానేసి చాలా కాలమైంది. అయినా అది ముందు నడిస్తే గానీ మిగతావి కదలవు. దాన్ని ఇంట్లో ఉంచేస్తే తిండి మానేస్తుంది. ఒకసారి ఎవరి పిల్లలో తవ్వి వదిలేసిన కందకంలో కాలు పెట్టింది. విరగలేదు లెండి. కానీ ఐడా గారు దాని కాలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చారు. ఎవరూ చూడలేదనుకున్నారు. నేను గట్టు వెనకాల ఉన్నాను."

ఆ పెద్ద గొంతు మనిషి ఏడవడం బెరిల్ ఊహకి అందలేదు.

"గోతులు పూడ్చేది డచెస్ కోసమేనని ఆవిడకి చెప్పచ్చుగా? మిమ్మల్ని ఇన్ని మాటలంటుంటే?"

"చెబితే ఆవిడ థాంక్స్ చెప్పాల్సి వస్తుంది. ఇన్నేళ్ళు తిట్టిన నోటితో థాంక్స్ చెప్పడమంటే ఎంత కష్టమో మీరే ఆలోచించండి."

"మరి గోల్ఫ్ మైదానం? అక్కడికి డచెస్ రాదుగా?"

హెడ్లీ చెవులు ఎర్రబడ్డాయి. "మొదట ఈ దారిలోవే పూడ్చేవాణ్ణండీ. తర్వాత చేతికి అలవాటైపోయింది."

బెరిల్ ఫ్లాస్కు పక్కన పెట్టింది. ఆయన పార తీసుకుని దారికి అవతలి పక్క పూడ్చడం మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి సముద్రంలోకి వేసిన చెక్క వంతెన దాకా పూర్తిచేసేసరికి వాలుమీద గంటల చప్పుడు వినిపించింది.

డచెస్ ముందు, మిగతావి వెనక, పక్కన ఐడా. ముసలి గాడిద తెల్లబడ్డ కళ్ళతో, రాణీవాసంలో నడిచినట్టు నిబ్బరంగా నడిచి వచ్చింది. ఎక్కడా తడబడలేదు. ఐడా మొహం వెలిగిపోయింది.

"చూశావా బెరిల్? నిన్న వచ్చినవాళ్ళు బీచంతా పందులు కుళ్ళగించినట్టు తవ్విపోయారట. దీనికి చూపు లేదు. అయినా ఒక్క గోతిలో కాలు పెట్టిందా? ఎక్కడ నడవాలో దానికి తెలుసు."

"తెలివైన జంతువండీ," అన్నాడు హెడ్లీ.

"నీకన్నా తెలివైందే. నీ చీపురు ఎక్కడ?"

"ఇవాళ తేలేదండీ."

"బతికించావు."

ఇంతలో డచెస్ ఆగింది. మెడ తిప్పి గాలి పీల్చింది. వరస తప్పి తిన్నగా హెడ్లీ దగ్గరికి వచ్చి, ఆయన కోటు జేబులో మూతి దూర్చింది. ఇంటి అలమారాలో చెయ్యి పెట్టినంత చనువుగా వెతుక్కుని, ఏదో నోట వేసుకుని కరకర నమిలింది.

ఐడా హెడ్లీని కిందనుంచి పైదాకా చూసింది. "ఏముంది ఆ జేబులో?"

"తుప్పుపట్టిన మేకులండీ."

చుట్టూ పిప్పరమెంటు వాసన గుప్పుమంది. హెడ్లీ బూట్లకేసి చూస్తున్నాడు. బెరిల్ మొహం సముద్రం వైపు తిప్పుకుంది.

"పాపం, చూపు లేదుగా," అంది ఐడా. "నిన్ను ఎవరో మంచివాడనుకుంది."

అలా అన్నదే గానీ, డచెస్ నమలడం పూర్తయ్యేదాకా తాడు లాగలేదు.