మా సరోజ చేతికి పసుపుకొమ్ము

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. దెయ్యాలకు నా మీద ఉందో లేదో నేను చెప్పలేను. చిన్నప్పుడు బాపట్లలో మా వీధి పిల్లలంతా శ్మశానాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగి బడికి వెళ్తుంటే, నేను దాని పక్కనుంచే పోయేవాణ్ణి. ధైర్యం కాదు, బద్ధకం. అది దగ్గర దారి.

పెద్దయ్యాక డాక్టరు చదివి, సర్జరీలో పై చదువుకు చేరాను. ఊళ్లో నాకు అప్పటికే కోతలరాయుడని పేరు. తీరా ఆసుపత్రిలో చేరితే కత్తి నా చేతికి ఇచ్చేవాళ్లు కాదు, కాబట్టి ఆ రోజుల్లో కూడా కోతలన్నీ నోటితోనే కోసేవాణ్ణి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను చెప్పబోయేది కూడా కోతే అని మీకు అనిపిస్తే తప్పు మీది కాదు.

అరవైల చివరి సంగతి. మా ప్రొఫెసరుగారికి ఒక పట్టుదల వచ్చింది. కుట్లు విప్పి ఇంటికి పంపేస్తే మన పని అయిపోయిందనుకుంటున్నాం, ఆ తర్వాత మనిషి ఎలా ఉన్నాడో ఎవడైనా వెళ్లి చూశాడా అనేవారు. ఆ పరిశోధన మా ముగ్గురికి పంచారు. ఒకడికి కాలేయం ఆపరేషన్లు, ఒకడికి క్లోమం, నాకు గుండె. పంపకాల్లో నాకు అన్యాయం జరగలేదు. మిగతా ఇద్దరికీ చాలా ఇళ్లలో దండ వేసిన ఫొటోలే ఎదురయ్యేవి. నాకు మటుకు ఎక్కువసార్లు మనుషులే తలుపు తీసేవారు.

చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చినవాళ్లలో కొందరికి పెద్దయ్యాక గుండెలో ఒక కవాటం ఇరుకైపోతుంది. కవాటమంటే తలుపే కదా. సర్జను పక్కటెముకల మధ్యనుంచి వెళ్లి, కొట్టుకుంటున్న గుండెలోకి వేలు పెట్టి, ఆ తలుపు రెక్కల్ని విడదీస్తాడు. అప్పట్లో అంతే వైద్యం.

ఆ జబ్బే మా చెల్లెలు సరోజకు ఉంది. తనని తెనాలిలో ఇచ్చాం. మా బావగారికి సైకిలు షాపు. సరోజ రాత్రిళ్లు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. ఇంకా ఆలస్యమైతే చెయ్యడానికి ఏమీ మిగలదని ప్రొఫెసరుగారు చెప్పేశారు.

సరోజ ఒప్పుకోలేదు. కత్తికి భయపడి కాదు. ఆపరేషనుకు ముందు మంగళసూత్రం తీసెయ్యాలి. మొగుడు బతికుండగా అది మెడలోంచి తీస్తే ఆయనకేమవుతుందోనని తన భయం. సూత్రాలు తీయాల్సి వస్తే పసుపు దారానికి పసుపుకొమ్ము కట్టుకోవడం మనవాళ్లలో ఉన్నదే. అలా కట్టుకుంటానంది. థియేటర్లోకి దారప్పోగు కూడా రానివ్వరని చెప్పి, కుదిరేదాన్ని నేనే చెడగొట్టాను.

"నా ఊపిరి కోసం ఆయన ఊపిరి పణం పెట్టను అన్నయ్యా" అంది.

"నాకేమవుతుంది సరోజా, గుండ్రాయిలా ఉన్నాను" అన్నారు బావగారు.

"అలా అనకండి, దిష్టి తగుల్తుంది" అని ఆయన నోరు మూయించింది.

ఇలాంటి సమయంలో నేను ఊళ్లు తిరగడం మొదలుపెట్టాను. ఈ పనిలో కష్టమల్లా గుమ్మం దగ్గరే. ఫలానా ఆవిడ బతికే ఉన్నారా అని అడిగితే చెప్పు తీస్తారు. కాబట్టి, ఆపరేషను చేయించుకున్న అమ్మగారు, అని మొదలుపెట్టి నసిగేవాణ్ణి. తెనాలిలో మొదటి ఇంట్లో ఒకావిడ రోట్లో పప్పు రుబ్బుతూ నా నసుగుడంతా విని, "నేనేనండి. ఇంకా ఉన్నాను, కూర్చోండి" అంది.

గుండె పరీక్ష చేశాను, బాగుంది. వచ్చేస్తుంటే ఆవిడ, "మీ ఆసుపత్రిలో పిన్నిగారు బాగున్నారా అండి?" అని అడిగింది. ఏ పిన్నిగారన్నాను. ఆపరేషను రోజు సూత్రాలు తీసేశాక, లోపలికి తీసుకెళ్లేముందు ఒకావిడ వచ్చి చేతికి పసుపుకొమ్ము కట్టిందట. మొహం గుర్తులేదట గానీ చెయ్యి గుర్తుందట. అంట్లు తోముతూ లేచొచ్చినట్టు తడిగా, చల్లగా ఉందట. ఎవరో ఆయా అయ్యుంటుందిలే అనుకున్నాను.

బాపట్లలో ఒక దర్జీ గారి భార్య, ముస్లిం ఆవిడ, అదే మాట అడిగేసరికి కొంచెం ఆగాను. "నాకు పసుపుకొమ్ము కాదు బాబూ, దారానికి నల్లపూస గుచ్చి కట్టింది. మా ఇళ్లల్లో పసుపు కట్టరుగా, ఆవిడకి తెలుసు" అంది. చెయ్యి తడిగా ఉందా అని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది.

ఆ తర్వాత కాకుమాను వైపు ఒక పల్లెలోనూ అదే కథ. అన్ని ఇళ్లలోనూ కాదు, కానీ కొట్టిపారెయ్యలేనన్ని ఇళ్లలో.

వార్డుకొచ్చి హెడ్ నర్సు గారిని అడిగాను. "కట్టడమా? దారాలుంటే కత్తెరతో కత్తిరించేది నేనే" అన్నారు. ఆయాలను పిలిచి అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ప్రొఫెసరుగారికి చెప్పాను. ఆయన నవ్వలేదు, నాకది ఇంకా ఇబ్బందైంది. "అడిగింది బతికినవాళ్లనేగా? బతికినవాళ్లందరికీ రెండు చెవులు కూడా ఉంటాయి. అందుకే బతికారంటావా? పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లు. పరిశోధనంటే అది" అన్నారు.

అలా రేపల్లె వెళ్లాను. ఆపరేషను బల్ల మీదే పోయిన ఒకావిడ ఇల్లు. తెనాలి నుంచి రైల్లో కూర్చున్నంతసేపూ, పేరు తప్పుగా రాసుకున్నాననీ ఇల్లు దొరకలేదనీ చెప్పి వెనక్కి వెళ్లిపోతే ఎవరికి తెలుస్తుందని ఆలోచించాను. ఇల్లు వెంటనే దొరికింది.

భర్త రైతు. అరుగు మీద పలుపుతాడు పేనుతున్నాడు. ఏ ఆసుపత్రి నుంచి వచ్చానో చెప్పగానే కొట్టినా పడదామని సిద్ధపడ్డాను. ఆయన నాకు మజ్జిగ తెప్పించాడు.

"కట్టారు బాబూ. చక్రాల బండి మీద లోపలికి తీసుకెళ్తుంటే ఇదిగో చూడమన్నట్టు చెయ్యెత్తి చూపించింది. పొద్దుటిదాకా ఏడ్చిన మనిషి, అప్పుడు మొహంలో భయం లేదు. మీ ఆసుపత్రివాళ్లే కట్టారనుకున్నాను. మనిషి దక్కకపోయినా, ఆ మాత్రం దయ చూపించారని ఇంటికొచ్చి చెప్పుకున్నాం."

మా ఆసుపత్రివాళ్లు కాదని నేను చెప్పలేదు. మజ్జిగ తాగి దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఆ రోజే తెనాలిలో దిగి సరోజకు అంతా చెప్పాను. రేపల్లె సంగతి దాచిపెట్టాల్సింది. నాకు నోరు ఆగదు. పసుపుకొమ్ము కట్టినా మనిషి పోయిందని వింటే ఉన్న కాస్త ఆశా పోతుందని మధ్యలో తెలిసొచ్చింది కానీ, అప్పటికే చెప్పేశాను.

సరోజ "ఆయన ఎలా ఉన్నాడు?" అంది.

"ఎవరు?"

"ఆవిడ మొగుడు."

"బాగానే ఉన్నాడు. పలుపుతాడు పేనుతున్నాడు. గట్టి మనిషి."

"తీసిన సూత్రం మళ్లీ మెడలో పడకుండానే ఆవిడ పోయింది. అయినా ఆయనకేం కాలేదు."

"ఏం కాలేదు."

"అయితే చేయించుకుంటాను" అంది.

నా పరిశోధన మొత్తంలో అంత సూటి ప్రశ్న నేనొక్కటి కూడా వెయ్యలేదు.

ఆపరేషను రోజున పసుపుకొమ్ము తెస్తానన్న మా అమ్మ బాపట్ల నుంచి రావాలి. లోపలికి రానివ్వకపోయినా థియేటరు గుమ్మందాకా ఉంటే చాలని అమ్మ పట్టు. రైలు ఆలస్యమైంది. సరోజ సూత్రాలు తీసి బావగారి చేతిలో పెట్టింది. ఆయన వాటిని జేబురుమాల్లో చుట్టి రెండు చేతులతో పట్టుకున్నారు. సరోజ బయటికొచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నారు. నేను థియేటర్లో ఉంటానంటే, అన్నగారు బయటే ఉంటే మాకు సాయం అన్నారు ప్రొఫెసరుగారు. తలుపులు మూసేశారు.

అమ్మ ఆ తర్వాత వచ్చింది. కొంగుకు కట్టుకొచ్చిన పసుపుకొమ్ము విప్పి, మూసిన తలుపుల కేసి చూసి, మళ్లీ ముడేసుకుంది. బావగారు గాలి ఆడట్లేదని కాసేపు బయటికెళ్లొచ్చారు.

ఎంతసేపటికో ప్రొఫెసరుగారు బయటికొచ్చి, తన చూపుడువేలు పైకెత్తి చూపించి, తలూపారు. తలుపు తెరుచుకుందన్నమాట.

సరోజను బయటికి తెచ్చినప్పుడు ఎడమ చేతికి పసుపుకొమ్ము ఉంది.

మూడు ముళ్లు. దారం ఇంకా తడిగా ఉంది, దుప్పటికి పసుపు అంటింది. అమ్మ కొంగు ముడి తడుముకుంది. తను తెచ్చింది అందులోనే ఉంది.

ఆపరేషనుకు ముందు సరోజ చేతులు కడిగి శుభ్రం చేసిన నర్సు, అప్పుడు మణికట్టు దగ్గర ఏమీ లేదని చెప్పింది. మత్తిచ్చిన డాక్టరు, నాడి పట్టుకుని కూర్చున్నది నేనే, ఎవరూ ఏమీ కట్టలేదు, అన్నారు. దుప్పటి మీద మరక అయొడిన్‌ది అన్నారు ప్రొఫెసరుగారు. మరి దారం అంటే, ఎవరో జాలిపడి కట్టి ఉంటారు, నాకు భయపడి ఒప్పుకోరు అన్నారు. అదే నిజమనుకుందామని నేను శాయశక్తులా ప్రయత్నించాను.

సరోజ కోలుకుంది. సూత్రాలు మళ్లీ బావగారే కట్టారు, వార్డు వరండాలో, నర్సులందరూ నవ్వుతుండగా. భోజనాలు లేని పెళ్లి. ఆ పసుపుకొమ్మును తెనాలి వెళ్లాక కాలవలో కలిపేశారు, కాబట్టి మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

బాగా మాట్లాడగలిగాక ఒకరోజు, బావగారు పక్కనుండగానే, ఎవరు కట్టారని అడిగాను.

"మొహం చూళ్లేదు అన్నయ్యా. చెయ్యి చల్లగా ఉంది. మా ఆయన ఎలా ఉన్నారండి అని అడిగాను. ఇడ్లీ తింటున్నాడమ్మా, చట్నీ పులిసిందని పక్కన పెట్టాడు అంది."

మత్తుమందు తమాషా అని నేను పెద్దగా నవ్వాను. బావగారు నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అత్తయ్యగారు వచ్చాక గాలికని వెళ్లాను కదా బావగారూ" అన్నారు మెల్లగా. "ఎదురుగా హోటలు. ఆకలికి ఆగలేకపోయాను. ఎవరికీ చెప్పలేదండి."

"చట్నీ?" అన్నాను.

"పులిసిపోయిందండి."

మరకకు అయొడిన్ ఉంది. దారానికి జాలిపడ్డ నర్సు ఉంది. పులిసిన చట్నీకి ఏం చెప్పాలో నాకు ఇన్నేళ్లయినా తోచలేదు. పరిశోధన పూర్తిచేసి పట్టా పుచ్చుకున్నాను, అందులో ఈ మాట రాయలేదు.

ఆ రోజు బావగారు ఒట్టు తప్పినందుకు తలొంచుకుని కూర్చుంటే, సరోజ ఆయన చెయ్యి మీద చెయ్యేసింది.

"మీరు ఆకలితో లేరని తెలిసింది. ఆ తర్వాతే నాకు హాయిగా నిద్రపట్టింది" అంది.