‘నాను’ అని రాయండి

వన్ టౌన్‌లో, టోకు ఉల్లిపాయల కొట్టు మీది గదిలో అనూరాధ కూర్చుంటుంది. ఆమె మనసు బాధలు వినే కౌన్సెలరు. గుమ్మానికి బోర్డు లేదు. ఉంటే మెట్లెక్కేవారిని కింద ఆటోవాళ్లు పిచ్చివాళ్లుగా లెక్కబెడతారని ఆమెకు తెలుసు. బల్ల మీద ఒక నోటుబుక్కు, రెండు కలాలు. రెండో కలం వచ్చినవారిది. ఒక మనిషిని గురించి ఆ మనిషికి చూపకుండా ఒక్క అక్షరం కూడా రాయరాదన్నది ఆమె నియమం. రాసినది వారి వైపు తిప్పి పెడుతుంది. నచ్చని మాట వారు కొట్టివేయవచ్చు. పదకొండేళ్ల నోటుబుక్కుల్లో కొట్టివేతలు లేని పేజీ అరుదు.

మొన్న జూలైలో సబ్బవరం నుంచి వరహాలు అనే రైతు, నర్సింగు మూడో ఏడు చదువుతున్న కూతురు నీలిమను వెంటబెట్టుకొచ్చాడు. అతని కవరులో రెండు కాగితాలున్నాయి. మొదటిది కాలేజీ ఉత్తరం: ‘విద్యార్థిని వార్డులో మౌనము వహించుచున్నది. పక్షము దినములలో మానసిక యోగ్యతా నివేదిక సమర్పించనిచో చదువు నిలిపివేయబడును.’ రెండోది అంతకుముందు చూసిన డాక్టరు చీటీ. అందులో ఉన్నవి రెండే మాటలు: ‘సహకరించుట లేదు.’ ఆ పిల్లను ఏమడిగారు, ఎంతసేపు అడిగారు, ఎవరి ఎదుట అడిగారు? ఒక్కటీ లేదు. చీటీలో సగం మేర సంతకమే ఉంది.

“ఇంటికాడ ఆవుల్తోటి మాటాడతాది మేడమ్,” అన్నాడు వరహాలు. “మనిసి కనబడితే సాలు, నోరు కుట్టీసినట్టే. గాలి సోకిందేమోనని ఆల్ల మామ్మ తాయెత్తు కట్టించింది.”

“ఉండనివ్వండి, ప్రేమతో కట్టిందే కదా. మీరు కింద టీ తాగి రండి.”

తండ్రి దిగిపోయాక అనూరాధ అంది: “మాట్లాడాలనిపిస్తే మాట్లాడు. లేకపోతే ఊరికే కూర్చో. ఏం చేయాలో ఇద్దరం కలిసి తేల్చుకుందాం.”

ఆ రోజు నలభై నిమిషాలు ఇద్దరూ కింద ఉల్లిపాయల బస్తాలు తూచే చప్పుడు విన్నారు. మూడు రోజుల తరువాత, రెండోసారి వచ్చినప్పుడు, నీలిమ నోరు విప్పింది. చక్కెర జబ్బు ఉన్నవారు పాదాలను ఎలా చూసుకోవాలో వార్డులో చెప్పబోయిందట. ‘నాను సెప్తాను, ఇనండి’ అనగానే పాఠం చెప్పే మేడమ్, ‘ముందు నీ భాషకు వైద్యం చేయించుకో, తరువాత రోగులకు చెబుదువు’ అన్నదట. తోటివారంతా నవ్వారు.

అనూరాధ రాసింది: ‘నేను చెబుతాను, వినండి అన్నాను. అందరూ నవ్వారు.’ పుస్తకం తిప్పి పెట్టింది.

నీలిమ చదివింది. కలం ముట్టలేదు. పుస్తకాన్ని బల్ల అంచుకు సరిగ్గా సర్ది, లేచి వెళ్లిపోయింది. తరువాతి వాయిదాకు రాలేదు. గడువు ఇక అయిదు రోజులు.

తాను ఏం తప్పు చేసిందో అనూరాధకు అంతుపట్టలేదు. ఆ సాయంత్రం అనూరాధ తల్లి గంగాలమ్మ చేపల తట్టతో వచ్చి ఇంటి తలుపు కొట్టింది.

“ఓలమ్మీ, నానే! తలుపు తియ్యి!”

“నేను వస్తున్నానమ్మా.”

“నేనూ, వస్తున్నానూ!” వెక్కిరించింది గంగాలమ్మ. “కన్నతల్లితోటి కూడా పరీచ్చ రాత్తన్నట్టు మాటాడతావేటే?”

అనూరాధ తలుపు తీసి, తల్లిని పలకరించకుండానే వెళ్లి సంచిలోంచి నోటుబుక్కు తీసి తెరిచింది. ఆరో తరగతిలో మాస్టారు ఆమె చేత ‘నేను’ అని వందసార్లు రాయించిన కాగితం ఇప్పటికీ ఆమె ట్రంకుపెట్టెలో ఉంది. జాలరులు పట్టిన చేప తినడానికి ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేదు. వారు పలికిన మాట వినడానికి మాత్రం చెవులు ఒప్పవు. అటువంటి చెవులే తనకూ మొలిచాయని ఆమెకు అప్పుడు తెలిసింది.

వెంటనే వరహాలుకు ఫోను చేసింది. “తప్పు నాదని నీలిమకు చెప్పండి. దిద్దడానికి రమ్మనండి.”

మర్నాడు నీలిమ వచ్చింది. ఆ పేజీయే తెరిచి ఉంది.

“నీ మాట నాను మార్చీసినాను, నిన్నడక్కుండా,” అంది అనూరాధ. “దిద్దు.”

నీలిమ ముఖం చిట్లించింది. “ఎక్కిరిత్తన్నారేటి?”

“మాది జాలరిపేట. మాయమ్మ సేపలమ్ముతాది. ఎక్కిరింతైతే ఇన్నేల్లు దాసుకుందునా?”

నీలిమ రెండో కలం తీసుకుని ‘నేను’ కొట్టివేసి, ‘నాను’ అని రాసింది. ‘చెబుతాను’, ‘వినండి’ కూడా దిద్దింది.

“కాలేజీకి ఏటి రాద్దాం? నీకేటి కావాల?”

“జబ్బని రాయొద్దు. పేసెంట్లకి నా మాటల్లోనే సెప్తానని రాయండి. రికార్డులో పుస్తకం బాసే రాత్తాను, అది నాకొచ్చు.”

నివేదికకు రెండు గంటలు పట్టింది. ‘ఆత్మవిశ్వాసము లోపించినందున’ అని అనూరాధ రాయగానే నీలిమ కలం అడ్డంగా సాగింది.

“అది అబద్ధం మేడమ్. నాకు కోపం. అంతే.”

‘కోపము’ అనే రాశారు. అడుగున ఇద్దరూ సంతకాలు చేశారు.

కాలేజీ నుంచి వచ్చిన జవాబు ఒక్క పంక్తి: ‘విద్యార్థిని తరగతులకు హాజరు కావచ్చును.’ క్షమాపణ అన్న మాటకు అందులో చోటు దొరకలేదు. ఆ కాగితం చూపడానికి నీలిమ మెట్లెక్కి పరుగున వచ్చింది, కాని చెప్పింది మరొకటి.

“ఈయేల వార్డులో సెప్పినాను మేడమ్. ‘నాను సెప్తాను, ఇనండి’ అన్నానో లేదో, ఆదిలక్ష్మమ్మని ఒక ముసలామె, ‘ఓలమ్మ, మాయేపు పిల్లవేటే నువ్వు?’ అనీసింది. అనీసి, దుప్పటి కింద దాసుకున్న కాలు బయటెట్టింది. మడమ మీద ఇంత పుండు! నెల్లాళ్ల నుంచి ఎవులికీ సెప్పలేదంట.”

“మరి నువ్వేటన్నావు?”

“ఏటంటాను? కూకుని కట్టు కట్టినాను. కట్టినంతసేపూ మాటాడతానే ఉన్నాను.”