వరస మార్చే బాబాయి

మా బాబాయి కంటికి వరస కనిపిస్తే చాలు, దాన్ని మార్చందే ఊరుకోడు. అది బస్సెక్కేవాళ్ళ వరసైనా సరే, తాడు మీద ఆరేసిన బట్టల వరసైనా సరే.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఎయిర్‌పోర్టు టవర్‌లో కూర్చుని ఏ విమానం ఎప్పుడు లేవాలో చెప్పడం ఆయన పని. పెద్ద విమానం లేచిందంటే దాని వెనక గాలి సుడులు తిరుగుతుంది. అందులో చిక్కుకుంటే చిన్న విమానం తలకిందులైపోగలదు. అందుకని పెద్దదాని వెనక చిన్నదాన్ని రెండు మూడు నిమిషాలు ఆపాలని రూలు. చిన్నదాని వెనక పెద్దది అంతసేపు ఆగనక్కర్లేదు. పెద్దదీ చిన్నదీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయా, రన్‌వే ఆవలిస్తూ కూర్చుంటుంది. బాబాయి చిన్నవాటినన్నిటినీ ముందు పంపేసి, పెద్దవాటిని ఒక జట్టుగా వెనక పెట్టేవాడు. గంటకు ముప్పై లేచేచోట ముప్పైమూడు లేచేవి.

"రూలు తగ్గించలేం. వరస మార్చుకోవచ్చుగా!" అనేవాడు గర్వంగా.

ఇంట్లోనూ అదే గోల. పొద్దున్నే బాత్‌రూమ్ ముందు నిలబడి, "పిల్లలు ముందు, నాన్న చివర!" అనేవాడు.

"అందరికంటే ముందు లేచింది నేనురా!" అని తాతయ్య తువ్వాలు ఝాడించేవాడు.

"నువ్వు దూరితే ముప్పావుగంట. నీ వెనక ఎవర్నీ పంపలేను నాన్నా."

ఒకసారి బాబాయి దవడ బంతిలా వాచింది. పళ్ళ డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళాను. మా వెనకే ఇంకో ఎనిమిది మంది వచ్చారు. ఆయన చూపు వాళ్ళ మీద పడింది.

"బాబాయ్, వద్దు," అన్నాను. అప్పటికే లేచాడు.

"మీకు పన్ను పీకాలా? ముందెళ్ళి మత్తుసూది వేయించుకోండి. అది పట్టేలోపు వీళ్ళ పని అయిపోతుంది."

"అసలు నువ్వెవరయ్యా?" అన్నాడొక పెద్దమనిషి.

"టవర్," అన్నాడు బాబాయి అలవాటుగా.

అందరికంటే చివర వచ్చిన ఆరేళ్ళ పాపను ఆ పన్ను పీకించుకునేవాళ్ళకంటే కూడా ముందు పంపాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరికి మేమిద్దరమే మిగిలాం. నర్సు తాళం పట్టుకుని వచ్చింది.

"అయ్యో, మీరున్నారా! ఎప్పుడూ లేనిది ఇవాళ అరగంట ముందే అయిపోయిందండీ. డాక్టరుగారు సంబరంగా వెనక తలుపు నుంచి ఇంటికెళ్ళిపోయారు. రేపు రండి."

ఒళ్ళు మండి బాబాయి చేతిలోని చీటీ లాక్కున్నాను. ఒకటో నంబరు!

"మనదే మొదటి వంతు కదా! ఆ పాపకెందుకిచ్చావు?"

"ఆ పాప వెక్కివెక్కి ఏడుస్తోందిరా."

"పోనీ, రెండోవాడివి నువ్వు వెళ్ళొచ్చుగా?"

"వరస మార్చేవాడు తనే ముందు దూరితే ఇంకెవరు వింటార్రా?" అన్నాడు చెంప పట్టుకుని, ముద్దముద్దగా.

మర్నాడు పిన్ని నన్ను నమ్మలేదు, తనే తీసుకెళ్ళింది. డాక్టరు పిలిచేదాకా ఆయన చొక్కా కొస వదల్లేదట.