తమ్ముడి కండకు కాపలా: పలమనేరులో ఇరవై ఒక్క రోజులు

పలమనేరులో డ్యూటీలో చేరింది సోమవారం, ఉదయం ఏడూ పదికి. బస్సు దిగేసరికి మంచు ఇంకా రోడ్డు మీదే ఉంది. చిత్తూరులో చాలిన స్వెట్టరు ఇక్కడ చాలలేదు. కిట్ చిన్నది. దర్జీ టేపు, చేతి గడియారం, బీపీ మిషను, నోటు పుస్తకం, రెండు పెన్నులు.

సైనిక ఆసుపత్రుల్లో నర్సు అధికారిణిగా ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. ఇప్పుడు డెబ్బై ఒకటి. కొండల మీద, ఎడారిలో, గుడారాల్లో డ్యూటీ చేశాను. అవన్నీ అడిగేవాళ్లున్నారు. నేను రాస్తున్నది వాటి గురించి కాదు. ఆఖరి డ్యూటీ గురించి. దానికి ఆర్డరు ఇచ్చింది తిరుపతిలో ఒక సర్జను.

మా తమ్ముడికి అరవై మూడు. పలమనేరు బయట నాలుగు ఆవులు పెట్టుకుని బతుకుతున్నాడు. పెద్దపేగులో క్యాన్సరు గడ్డ అని తేలింది. అంతకు ముందు గురువారం నేను, మరదలు అతన్ని తిరుపతి తీసుకెళ్లాం. సర్జను నడివయసు మనిషి, మాటలు తక్కువ. స్కాను తెర మీద పెట్టింది. నేను గడ్డ కోసం వెతుకుతున్నాను. ఆమె వేలు గడ్డ మీద లేదు. నడుము ఎముకకు అటూ ఇటూ ఉన్న బూడిదరంగు మచ్చల మీద ఉంది.

"ఇది కండ," అంది. "ఈ ఎత్తు మనిషికి ఉండాల్సినంత లేదు."

తర్వాత వివరంగా చెప్పింది. గడ్డ ఒళ్లంతా వాపు రేపుతుంది. ఆ వాపు కండను కరిగిస్తుంది. ఆకలి చచ్చిపోతుంది. తిండి లేని మనిషి మంచం ఎక్కుతాడు. మంచం ఎక్కినవాడి కండ ఇంకా కరుగుతుంది. అలాంటి ఒంటి మీద కత్తి పెడితే కుట్లు ఆలస్యంగా మానతాయి, చీము పట్టే భయం ఎక్కువ. ఆ తర్వాత మందులు ఎక్కించినా ఒళ్లు తట్టుకోలేదు.

"పేగు మూసుకుపోలేదు. సోమవారం నుంచి మూడు వారాలు ఆగగలను. అంతకు మించి ఆగను. గడ్డ నేను తీస్తాను. కండ సంగతి మీరు చూడండి."

ఆర్డరు అంతే. ఇరవై ఒక్క రోజులు.

ఆ సోమవారం నేను వాళ్ల ఇంటికి చేరేసరికి తమ్ముడు ఎండలో మంచం వేసుకుని, గొంతు దాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"ఏందక్కా, మిలిటరీ దిగిందా?"

"దిగింది. లెయ్."

"యాడికి?"

"కుర్చీ కాడికి."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. చేతులు ఛాతీ మీద కట్టుకుని, అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలడో చూశాను. ఆరు. తొడ చుట్టుకొలత నలభై రెండు సెంటీమీటర్లు. తూకం, పాల కేంద్రం కాటా మీద, యాభై ఎనిమిది కిలోలు. మూడూ పుస్తకంలో రాశాను.

మరదలు గిన్నెతో వచ్చింది. పలచటి రాగి జావ.

"కడుపులో పుండు గదా వదినా. పేగుకు పని జెప్పకూడదని ఇదే పోస్తా ఉండా."

"ఎన్నాళ్లుగా?"

"నెల దాటింది."

నాలుగు ఆవుల పాలు పొద్దున, సాయంత్రం కేంద్రానికి పోతున్నాయి. ఇంటాయనకు నీళ్ల జావ. ఆమె తప్పు కాదు. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా జబ్బు మనిషికి ఇదే మర్యాద. పలచగా పొయ్యడం, కదలకుండా పడుకోబెట్టడం.

ఆ రోజు నుంచే డ్యూటీ చార్టు గోడకు అంటించాను. ఐదున్నరకు లేవాలి. ఆరుకు రోడ్డు మీద నడక, మొదటి రోజు రెండు వందల అడుగులు. ఆరున్నరకు రెండు గుడ్లు, గ్లాసు పాలు. పదికి పెసలో శనగలో ఉడికించినవి. మధ్యాహ్నం మెత్తని అన్నం, పప్పు, కోడి కూర. నాలుగుకు వేయించి పొడి కొట్టిన వేరుశనగ. రాత్రికి మళ్లీ గుడ్డు, పెరుగు. పూటకు మూడు విడతలు కుర్చీ కసరత్తు. సర్జను చూసి సరేనన్న చార్టు అది. తిండి వడ్డించేది మరదలు, పుస్తకంలో రాసేది కూడా తనే. ఆ వేళల్లో నేను ఆవుల పని చూస్తాను, సాయంత్రం సంతకం మాత్రం పెడతాను.

"ఇంత తిండి పెళ్లికొడుకుగా ఉన్నప్పుడు గూడా పెట్టలేదక్కా," అన్నాడు తమ్ముడు.

"అప్పుడు అడగలేదు నువ్వు. సిగ్గుపడతా కూర్చున్నావు," అంది మరదలు.

ఐదో రోజుకు కుర్చీ లెక్క ఎనిమిది. పన్నెండో రోజుకు తొమ్మిది. నడక రెండు వేల అడుగులు. తూకం యాభై ఎనిమిది దగ్గరే నిలబడింది. నాకు గర్వంగా ఉండింది. కరగడం ఆగిందనుకున్నాను.

పద్నాలుగో రోజు ఆదివారం. కుర్చీ లెక్క ఆరుకు పడింది. మళ్లీ చేయించాను. ఆరే. పుస్తకం వెనక్కి తిప్పాను. ముందటి ఆదివారం కూడా ఎనిమిది నుంచి ఆరుకు పడి ఉంది. అప్పుడు అలసట అనుకుని వదిలేశాను. శనివారం పేజీ చూశాను. మరదలి గుండ్రటి రాతలో అన్నీ ఉన్నాయి. గుడ్లు, పప్పు, కోడి కూర.

శనివారం ఈ ఇంట్లో కోడి కూరా?

"ఏమ్మే, ఇట్రా," అన్నాను.

మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పేజీ చూపించాను. తల వంచుకుంది. తమ్ముడే మాట్లాడాడు.

"దాన్ననొద్దక్కా. నేనే రాయించినా. ఆపరేషన్ బాగా జరగాలని సామికి ఏడు శనివారాలు మొక్కినా. ఒక్కపొద్దు. రాత్రి ఒక్కపూట, అదీ రెండు ముద్దలు. నీకు జెప్తే ఒప్పుకోవు."

"నాలుగు శనివారాలు అయిపోయినాయి వదినా," అంది మరదలు.

నేను టేపు తీశాను. తొడ నలభై ఒకటి. ఒక సెంటీమీటరు తగ్గింది. మరి తూకం ఎందుకు తగ్గలేదు? అతని పాదం పట్టుకుని బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. నెమ్మదిగా పూడింది. కండ పోయిన చోట నీరు చేరింది. కాటాకు రెండూ ఒకటే. ఇరవై ఎనిమిదేళ్లు నర్సుగా ఉండి, పద్నాలుగు రోజులు కాటాను నమ్మి, పాదం నొక్కి చూడలేదు. ఆ తప్పు నాది. పుస్తకంలో అలాగే రాశాను.

తిరుపతికి ఫోను చేశాను.

"మేడం, రిపోర్టు. తూకం అంతే. తొడ ఒకటి తగ్గింది. పాదాలు నీరు పట్టాయి. ఈ రెండు వారాల్లో రెండు శనివారాలు ఉపవాసం."

"నడుస్తున్నారా?"

"రెండు వేల అడుగులు."

"రేపు రక్తం పరీక్షకు ఇచ్చి రిపోర్టు పంపండి. తేదీ మార్చను. పోయిన కండ వారంలో తిరిగి రాదు. ఇంకా పోకుండా ఆపండి. కాళ్లలో బలం పెంచండి. అది చాలు నాకు."

వారంలో ఇంకో శనివారం ఉంది.

తమ్ముడి ఎదురుగా కూర్చున్నాను. నమ్మకం మీద ఆర్డర్లు పనిచేయవు. సైన్యంలో అది నేర్చుకున్నాను.

"మిగిలిన మూడు శనివారాల ఒక్కపొద్దు నేనుంటా. నీ బదులు."

"నువ్వా? పట్టాళంలో ఉన్నన్నాళ్లూ ఒక్క మొక్కు మొక్కినదానివి కాదు."

"అందుకే ఒళ్లు గట్టిగా ఉండాది. ఇంట్లో ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చేది కొత్తా? నాయన మొక్కిన గుండు నువ్వు కొట్టించుకోలే?"

తమ్ముడు గోడ మీది చార్టు చూశాడు. తర్వాత మరదలి వైపు తిరిగాడు.

"సామి ఒప్పుకుంటాడంటావా?"

"ఒప్పుకోకుంటే మీ అక్క ఆయనక్కూడా చార్టు అంటిస్తాది," అంది మరదలు.

ముగ్గురం నవ్వాం. షరతు ఒకటి పెట్టాడు. శనివారం గుడ్డు, మాంసం ముట్టడు. దానికి నేను ఒప్పుకున్నాను. పాలు, పెరుగు, పెసలు, వేరుశనగ పెంచి లెక్క సరిచేశాను. రక్తం రిపోర్టు చూసి సర్జను ఒక ప్రోటీన్ పొడి రాసింది, పాలలో కలిపి మూడు పూటలూ ఇచ్చాం. ఆ శనివారం నేను రాత్రి ఏడుకు రెండు ముద్దలు తిన్నాను. అతను ఐదుసార్లు తిన్నాడు, ప్రతిసారీ నావైపు దొంగచూపు చూస్తూ.

ఆదివారం కుర్చీ లెక్క తొమ్మిది. ఇరవై రెండో రోజు, సోమవారం, తిరుపతిలో సర్జను ముందు పది. తొడ నలభై ఒకటే. తగ్గలేదు. ఆమె తల ఊపి ఫైలు మీద సంతకం పెట్టింది.

బుధవారం ఆపరేషన్‌కు మూడు గంటల పది నిమిషాలు పట్టింది. గురువారం ఉదయం తొమ్మిదికి తమ్ముడు మంచం దిగి నిలబడ్డాడు. శుక్రవారం వరండా చివరికి వెళ్లి వచ్చాడు. కుట్లకు చీము పట్టలేదు. ఎనిమిదో రోజు ఇంటికి పంపారు. తర్వాతి మందుల మొదటి విడతకు వాంతులయ్యాయి, కానీ డోసు తగ్గించాల్సిన పని పడలేదు. మిగిలిన విడతలు కూడా ఇలాగే గడుస్తాయని రాసివ్వలేను. కుర్చీ కసరత్తు మాత్రం రోజూ జరుగుతోంది.

నా డ్యూటీ డెబ్బయ్యో రోజున ముగిసింది. పుస్తకం మరదలికి అప్పజెప్పాను. పలమనేరు బస్టాండుకు తమ్ముడు కూడా వచ్చాడు. చిత్తూరు బస్సు నిండిపోయి ఉంది. నాకు దొరికింది లోపలి వైపు సీటు. బస్సు కదిలింది. నేను మెడ చాచి బయటికి చూశాను. తమ్ముడు పంచె ఎగ్గట్టి, కిటికీ ఊచ మీద చెయ్యి వేసి, బస్సుతో పాటు వేగంగా నడుస్తున్నాడు. తను నడుస్తున్న సంగతి అతనికే తెలియదు. కళ్లు కండక్టరు మీద ఉన్నాయి.

"ఓ అప్పా! మా అక్కకు గాలి కావల్ల. కిటికీ కాడ కూర్చోబెట్టు!"