పలకకపోతే దిగొద్దు

మా పక్కింటి అంకుల్ పోయారు. షాప్‌లో కార్ట్ తోసుకుంటూ అలాగే కూలబడ్డారట. హాస్పిటల్ నుంచి ఆంటీ ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ అంకుల్ ఇక లేరు" అన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. వాళ్ళ బేస్‌మెంట్ గుర్తొచ్చింది.

ఆయన రిటైరైన కెమిస్ట్. ఉద్యోగం పని మీద ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు, లువార్ నది సముద్రంలో కలిసే చోట మస్కడే అనే తెల్ల వైన్ రుచి చూసి దాని మీద మనసు పారేసుకున్నారు. పల్చగా, నిమ్మకాయలా చురుక్కుమంటూ, చివర కాస్త ఉప్పగా ఉంటుంది. ఆంటీ చేసే చేపల వేపుడుకి అంతకన్నా జోడీ లేదనేవారు. ఇక్కడ మా ఊరు బాతెల్‌లో స్థిరపడ్డాక ఏటా కొండల అవతల యాకిమా తోటల నుంచి తెల్ల ద్రాక్ష తెచ్చి, బేస్‌మెంట్‌లో పీపాల్లో పులియబెట్టేవారు. అడుక్కి దిగిన ఈస్ట్‌ని మాత్రం వడకట్టనిచ్చేవారు కాదు.

"చచ్చింది కదాని తొందరపడి తీసేస్తే ఒట్టి పులుపే మిగుల్తుందమ్మాయ్. చలికాలమంతా దాంతోనే ఉండనివ్వాలి."

రసం పొంగేటప్పుడు వచ్చే గ్యాస్ గాలి కన్నా బరువు. కిటికీ లేని ఆ గదిలో నేల మీద పేరుకుపోతుంది, మనిషి తెలియకుండానే పడిపోతాడు. అందుకే ఫ్యాన్ వేసి, వెనక తలుపు తెరిచి, పూజగదిలోని ఇత్తడి కుంది వెలిగించి మోకాలి ఎత్తున పట్టుకుని దిగేవారు. దీపం కొడిగడితే వెనక్కి వచ్చేయడమే.

"దేవుడి దీపం తీసుకెళ్ళి ఆ సారాయి కొట్లో పెడతారా!" అని ఆంటీ కేకలేసేవారు.

"అక్కడా దేవుడి పనే చేస్తోంది కదోయ్" అనేవారాయన.

ఎవరో ఒకరు పైమెట్టు మీద నిలబడి పిలుస్తూ ఉండాలి, ఆయన కింద నుంచి "ఆఁ" అనాలి. "నేను పలక్కపోతే దిగొద్దు. 911కి ఫోన్ చెయ్యి, అంతే" అని నాకు ఎన్నిసార్లు చెప్పారో. ఫ్లిప్ ఫోన్ పిడికిట్లో బిగించి "అంకుల్?" అంటూ, జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. ఆ భయం నాకెప్పుడూ పోలేదు.

అంత్యక్రియలు అయిన మర్నాడు ఫోటో ముందు దీపం పెట్టాలనుకుంటే కుంది లేదు. ఆయన దాన్ని కింద పీపా పక్కనే వదిలేశారు. ఫ్యాన్ ఆపేసి ఉంది, వెనక తలుపు మూసి ఉంది, వైన్ ఇంకా పొంగుతూనే ఉంది. నేను చూసేసరికి ఆంటీ రెండు మెట్లు దిగిపోయారు. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

"వదులమ్మా, కుంది తెచ్చుకుంటాను."

"మీరు దిగితే నేనొప్పుకోను ఆంటీ. మీరు పైనుంచి పిలవండి, నేను తెస్తాను."

తలుపులన్నీ తెరిచి, ఫ్యాన్ వేసి సాయంత్రం దాకా ఆగాను. తర్వాత కొవ్వొత్తి మోకాలి దగ్గర పట్టుకుని దిగాను. మంట కొడిగట్టలేదు. కుంది చేతికి చల్లగా తగిలింది. ఒత్తి సగం కాలి ఉంది.

పైనుంచి ఆంటీ పిలిచారు. ఇన్నేళ్ళూ ఆ మెట్ల మీద పిలిచినట్టే పిలిచారు.

"ఏవండీ?"

దానికి "ఆఁ" అనాల్సింది ఆయన. కుంది పట్టుకుని మెట్ల వైపు తిరిగాను.

పలకకపోతే దిగొద్దన్నారు కదా ఆయన. ఆంటీ దిగలేదు. పైమెట్టు మీదే నిలబడి వింటున్నారు. నా వెనక చీకట్లో పీపా ఒక్కసారి బుడుక్కుమంది.