జమ్మి కింద ఉక్కు పలక

కాలిన తుపాకి మందు వాసన ఇంకా నా చొక్కాను వదల్లేదు. ఇవాళ నేను ఒక మనిషి మీద అబద్ధం చెప్పాను.

దుబాయ్ శివారు ఎడారిలో, గురి నేర్పే క్లబ్బులో, షాట్‌గన్‌తో కొట్టే ఉక్కు పలకలను ఎంచి వేలాడదీయడం నా పని. గట్టి ఉక్కుకు బెజ్జాలు వేయడం బద్ధకమై, డ్రిల్లు సులువుగా దిగే మెత్తటి పలకలు నైఫ్ బజారు నుంచి తెచ్చాను. కొద్దిరోజులకే వాటి నిండా గుంటలు పడ్డాయి. పొద్దున గుంటలో తగిలిన సీసపు గుండొకటి వెనక్కి ఎగిరి, పలకలకు రంగు వేసే నెల్లూరు యూసుఫ్ భాయ్ కనుబొమను చీల్చింది. మేం ముదీర్ అని పిలిచే మేనేజరు నిలదీస్తే, ‘అతనే ఆగాల్సిన గీత దాటి వచ్చాడు’ అన్నాను. ‘అయితే రేపటినుంచి రావద్దు, ఖలాస్’ అని ముదీర్ అతణ్ణి పంపేశాడు.

ఆ వాసనలోనే మా జగిత్యాల పల్లె గుర్తొచ్చింది. వానలు వెనకబట్టి, మక్కకంకులు పాలుపోసుకునే రోజుల్లో తాతతో మంచె మీదే నా పగలంతా గడిచేది. కింద నిప్పుల్లో కాలే కంకి వాసన, తాత చుట్ట పొగ, అవ్వ మూటగట్టిన మలీద ముద్దల్లోని బెల్లం, గుంపులుగా వాలే రామచిలుకల గోల. చిలుకలను బెదిరించే ఇనుప పలక కోసం తాత పాత సామాను కొట్లో ఒక్కో ముక్కనూ రాయితో కొట్టి చెవిపెట్టి వినేవాడు. లారీ కమాను పట్టా ముక్క తెచ్చి, మొహం నేలకు వంగేలా కట్టేవాడు. మేం గులేరుతో కొట్టిన రాళ్లు దాని కిందే రాలేవి.

ఒక ఏడు అది ఎవరో ఎత్తుకుపోతే, తొందరలో సొట్టల రేకు కట్టాడు. నేను కొట్టిన రాయి తిరిగొచ్చి నా దోస్తు మల్లేశం చెంప చీరింది. అందరూ నన్ను తిట్టారు.

‘‘పోరగాణ్ణి అనకుండ్రి. ఆ గుల్ల రేకు కట్టింది నేను’’ అన్నాడు తాత.

దసరా సాయంత్రం చిన్నవాళ్లం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. ఆ దసరాకు తాతే జమ్మి ఆకు పట్టుకుని మొదట మల్లేశం ఇంటికి నడిచాడు.

‘‘తాతా, నేను గదనే నీకియ్యాలె!’’ అని వాడు నవ్వాడు.

‘‘ఈసారి నేనే ఇస్తరా.’’

ఇవాళా దసరాయే. మధ్యాహ్నం ముదీర్ ముందు నిలబడి, తప్పు నాదని చెప్పాను. యూసుఫ్ భాయ్‌ని మళ్లీ రమ్మన్నాడు. నా సంగతి రేపు తేలుస్తానన్నాడు. మూలన పడేసిన గట్టి పలకలకు సాయంత్రందాకా బెజ్జాలు వేసి, మొహం నేలకు వంచి కట్టాను. మైదానం అంచున ఉన్న చెట్టును ఇక్కడ గాఫ్ అంటారు. అది మా జమ్మే. కింద రాలిన రెమ్మ ఏరుకుని, ఊళ్లో డేరా అనే పేటలో ఉన్న అతని గదికి వెళ్లాను.

‘‘ఏందబ్బయ్యా, నాకు ఆకులు తెచ్చినావు? నేనేమన్నా ఒంటెనా?’’

‘‘బంగారం, భాయ్. తప్పు నాది. ముదీర్‌కు చెప్పిన. రేపు డ్యూటీకి రా.’’

అతను కనుబొమ మీది కట్టు సర్దుకుని, రెమ్మ అందుకున్నాడు. ‘‘పలకలు మార్చినావా?’’

‘‘మార్చిన.’’

ఆ మంచె లేదు, మక్కచేను ప్లాట్లయింది, తాత లేడు. యూసుఫ్ భాయ్ క్షమించానని అనలేదు. రెమ్మను మాత్రం జేబులో పెట్టుకున్నాడు.