వసుంధర మేడమ్ పిలిచిన హాజరు

మొన్న మా డిగ్రీ కాలేజీ పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో రెండో రోజు ఉదయం, చర్చ మొదలయ్యే ముందు, వ్యాఖ్యాత సరదాకి మా బ్యాచ్ హాజరు పిలిచాడు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీది హారన్లు కిటికీల్లోంచి వినబడుతున్నాయి. పొట్టలు పెరిగినవాళ్లూ జుట్టు పలచబడ్డవాళ్లూ లేచి "ప్రెజెంట్ సార్" అంటుంటే హాలంతా నవ్వులు. ముప్పై ఆరో నంబరు తర్వాత అతను ముప్పై ఎనిమిది పిలిచాడు. మధ్యలోని ఆ చిన్న ఖాళీలో మైకు సన్నగా గుయ్‌మంది. చర్చలో మాట్లాడాల్సిన నేను వేదిక మీద కూర్చుని ఉన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నా చెవి అక్కడ ఒక జవాబు కోసం ఎదురుచూసింది.

మాకు ఫిజిక్స్ చెప్పిన వసుంధర మేడమ్‌ది కృష్ణా జిల్లా. పెళ్లయి కొత్తపేటకొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ల్యాబ్‌లో ఎవరైనా రీడింగు ఊహించి రాస్తే నోట్‌బుక్ మూసి చేతికిచ్చి, "చూసింది రాయి. చూడాలనుకున్నది కాదు" అనేవారు. మాది నల్గొండ వైపు ఊరు. నాన్న లారీ డ్రైవరుగా వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయి ఇంట్లో దిగాడు. ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడేవాళ్లే కాబట్టి మేడమ్ నెమ్మది నాకు మొదట్లో గర్వంలా కనిపించేది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. వారంలో రెండు రోజులు క్లాసులు జరిగితే గొప్ప. ఎల్బీనగర్ చౌరస్తాలో రిలే దీక్షల శిబిరం ఉండేది. మా కాలేజీ నుంచి ఎవరైనా మాట్లాడాలంటే నన్నే పిలిచేవారు. ఒక మధ్యాహ్నం, జనం బాగా ఉన్నారన్న ఉత్సాహంలో, "ప్రాణాలియ్యకుంట ఏ రాష్ట్రం ఒచ్చింది?" అన్నాను. చప్పట్లు మోగాయి. ముందు వరసలో మా క్లాసు లింగస్వామి కూర్చుని ఉన్నాడు. మా హాజరు పట్టీలో ముప్పై ఏడో నంబరు అతనిదే. సరూర్‌నగర్‌లో సైదులు అనే మరో క్లాస్‌మేట్‌తో కలిసి గదిలో ఉండేవాడు. పిలిస్తే తప్ప పలికేవాడు కాదు. నాలుగు రోజుల తర్వాత, తెలంగాణ కోసమేనని చీటీ రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు.

మళ్లీ క్లాసులు మొదలైన రోజు మేడమ్ హాజరు పిలుస్తూ అతని పేరు కూడా పిలిచారు. క్లాసు బిగుసుకుపోయింది. ఆవిడ తలెత్తి, అతను కూర్చునే చివరి బెంచీ వైపు చూసి, కాసేపు ఆగి, తర్వాతి పేరుకి వెళ్లారు. మర్నాడూ అంతే. వారం గడిచేసరికి మాకు భరించలేనంతయింది. ఐదుగురం స్టాఫ్ రూముకి వెళ్లాం. నేనే ముందు నిలబడ్డాను.

"సచ్చిపోయినోని పేరు రోజు ఎందుకు పిలుస్తున్నరు మేడమ్? మీరు ఆంధ్రోళ్లని మా బాధతోని ఆడుకుంటున్నరా?"

మేడమ్ కోప్పడలేదు. మిగతావాళ్లని బయట ఉండమని, నన్ను కూర్చోమన్నారు. "పోయే ముందు వారం ల్యాబ్‌లో నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడమ్మా. ఏమిటయ్యా అన్నాను. ఏం లేదు మేడమ్ అన్నాడు. నేను దిద్దుతున్న పుస్తకంలోంచి తలెత్తలేదు. రెండోసారి అడగలేదు. ఇప్పుడు ఆగి చూస్తున్నాను, అంతే." ఇంకో మాట కూడా అన్నారు. "నువ్వు శిబిరంలో మాట్లాడిన రోజు నేను బస్సు కోసం అక్కడే ఉన్నాను. అతను నీ మొహమే చూస్తున్నాడు. నువ్వు జనాన్ని చూశావు ఉమా, అతన్ని చూడలేదు."

ఆ మాటకి ఆవిడని రెండు రోజులు అసహ్యించుకున్నాను. మూడో రోజు పొద్దున కరెంటు లేదు. ఫ్యాన్లు ఆగిపోయాయి. క్లాసులో ఇరవైమందికి మించి లేము. మేడమ్ "లింగస్వామి" అని పిలిచి ఆగారు. చివరి బెంచీ నుంచి "ప్రెజెంట్ మేడమ్" అని వినబడింది. గట్టిగా కాదు, అతనెప్పుడూ అనేంత మెల్లగానే. వెనక్కి తిరిగాను. ఖాళీ బెంచీ మీద ఎండ పడుతోంది. నేను తప్ప ఎవరూ తిరగలేదు. అందరూ నోట్సుల్లోకి వంగి ఉన్నారు. నాకే మతి చెడిందనుకున్నాను. మేడమ్ పెన్ను గాల్లోనే ఆగింది. రోజూ చూసేదానికంటే చాలాసేపు అటే చూసి, ముప్పై ఎనిమిదో పేరు పిలిచారు.

క్లాసు అయ్యాక కారిడార్‌లో నా కోసం ఆగారు. "ఉమా, ఇవాళ నీకేమైనా వినబడిందా?"

నాకు భయమేసింది. విన్నానంటే అది నిజమైపోతుంది. "లేదు మేడమ్" అన్నాను. ఆవిడ "సరే" అని, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయారు. ఏడాది చివరిదాకా ఆ పేరు పిలుస్తూనే ఉన్నారు. మళ్లీ జవాబు రాలేదు.

శిబిరానికి వెళ్లడం మానలేదు. జెండాలు మోశాను, రోడ్డు మీద వంటలు చేశాను. చావు గురించి మాత్రం మైకులో మళ్లీ మాట్లాడలేదు. రాష్ట్రం వచ్చింది. నేను తుర్కయంజాల్‌లో బడి టీచరునయ్యాను. నా బల్ల దగ్గర నిలబడి ఏం లేదు అనే పిల్లలుంటారు. పెన్ను పక్కన పెట్టి మళ్లీ అడుగుతాను. కొందరు రెండోసారికి నోరు విప్పుతారు, కొందరు నాలుగోసారికి. ఈ అలవాటు ఎవరి నుంచి వచ్చిందో ఆవిడకి చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. పోయినేడు మేడమ్ కన్నుమూశారు. నాకు తెలిసేసరికి నెల దాటింది.

చర్చలో నా అంశం ఉద్యమంలో మా కాలేజీ పాత్ర. కాగితాలు రాసుకునే వెళ్లాను. నా వంతు వచ్చాక అవి తీయకుండా ఇదంతా చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూడో వరసలోంచి మా క్లాసు కవిత లేచింది. "నేను గూడ విన్న. నాకొక్కదానికే అనుకున్న" అని కూర్చుంది. ఎడమవైపు ఇంకో ఇద్దరు, ఒకరి తర్వాత ఒకరు, చేతులెత్తారు. చివరికి, లింగస్వామితో గదిలో ఉన్న సైదులు కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడాడు.

"పానం తీసుకున్న దినం పొద్దుగాల నన్ను లేపిండు. జర మాట్లాడాలె అన్నడు. నిద్రొస్తుంది, మాపటికి చెప్పు అన్న." చేతిలోని కార్యక్రమ పత్రాన్ని మడిచాడు. "క్లాసుల ఆ గొంతు నేను గూడ విన్న. తల ఎత్తలే."

ఇంతమందిమి విన్నాం. ఇంతమందిమి విననట్టు నటించాం. ఆ గొంతు ఏమిటో నాకు తెలియదు, తేల్చుకోవాలనీ లేదు. నన్ను వదలనిది అది కాదు. జీవితమంతా కళ్లకు కనిపించినదాన్నే నమ్మిన మనిషి, కారిడార్‌లో నా మొహంలోకి చూస్తూ ఒక్క "అవును" కోసం నిలబడ్డారు. నేను ఆ మాట అని ఉంటే, ఆ మెట్లు ఇద్దరం కలిసి దిగేవాళ్లం.